అమ్మ చేతులకు ఏమైంది?



గత సంవత్సరం క్రిస్మస్ పండుగ అయిన తరువాతి ఆదివారం జనగామలో సండే స్కూలు ముగిసి పిల్లలందరూ వెళ్లిపోయారు. రెండవ తరగతి చదువుతున్న ఒక పాప మాత్రం చాపలు చుట్టే నెపంతో వెనుక నిలిచిపోయింది. ఆమె జుట్టుకు జడ లేదు. రబ్బరు బ్యాండుతో ఊరికే ముడివేసి ఉన్నది. మేము దగ్గరకు పిలువగా తల వంచుకొని ఇలా అడిగింది: "అయ్యగారూ, నేను బడిల నుంచి రెండు చాక్‌పీసులు తెచ్చుకున్న. గందుకేనా దేవుడు నా ప్రార్థన ఇనలేదు?"

ఏ ప్రార్థన తల్లీ అని అడిగాము. "మా మమ్మీ చేతులు మంచిగ కావాలని. క్రిస్మస్ వరకు అయితయని మీరే చెప్పిండ్రు గదా" అన్నది.

ప్రియులారా, ఆ మాటకు మా యొద్ద జవాబు లేకపోయింది. ఎందుకనగా పాప చెప్పినది నిజము. అంతకు రెండు నెలల ముందు ఆ తల్లి చేతుల వాపులతో ప్రార్థనకు వచ్చినప్పుడు, మేము పాపను ముందుకు పిలిచి, "నీవు నమ్మి ప్రార్థించు పాపా, క్రిస్మస్ నాటికి మీ అమ్మ నీకు రెండు జడలు వేస్తుంది" అన్నాము. సంఘమంతా ఆమేన్ అన్నది. పెద్దలు దానిని ఆదరణ మాటగా విన్నారు. ఏడేండ్ల పాప దానిని వాగ్దానముగా విన్నది. గడువు దాటిపోయింది, అమ్మ చేతులు అలాగే ఉన్నాయి. దేవుడు అబద్ధమాడడు గనుక తప్పు తనదే అయి ఉంటుందని ఆ చిన్న మనసు వెదకి వెదకి రెండు చాక్‌పీసులను పట్టుకున్నది.

ఆ తప్పు పాపది కాదు, మాది. దేవుడు పెట్టని గడువును మేము పెట్టాము. వ్యాధి ఏమిటో తెలిసికొనకుండా, దానిని పాపకు చెప్పకుండా, ఒక తియ్యని మాట చెప్పి పంపివేశాము. ఈ నెల ఈ శీర్షికను అందుకొరకే వినియోగిస్తున్నాము. ఇంట్లో కీళ్లవాతం ఉన్నప్పుడు చిన్నపిల్లలకు ఏమి చెప్పాలి, ఎలా చెప్పాలి?

మొదట పెద్దలమైన మనకు తెలియాలి. ఆ తల్లికి ఉన్నది రుమటాయిడ్ ఆర్థరైటిస్. మన ఊళ్లలో కీళ్లనొప్పి అనగానే అన్నిటినీ ఒకే గాట కడతాము. వయసు మీరినవారి మోకాళ్ల అరుగుదల వేరు. చికున్ గున్యా జ్వరం పోయిన తరువాత నెలల తరబడి ఉండే నొప్పులు వేరు. ఇది వేరు. మన శరీరమును రోగక్రిముల నుండి కాపాడవలసిన రోగనిరోధక శక్తి పొరపాటుపడి, కీలు లోపలి పలుచని పొరపైనే దాడి చేయడం ఈ వ్యాధి. ఆ పొర వాచి, వేడెక్కి, నిర్లక్ష్యం చేస్తే క్రమంగా ఎముకను కూడా తినివేస్తుంది. సాధారణంగా వేళ్ల కణుపులు, మణికట్టు, పాదాల చిన్న కీళ్లలో, రెండు వైపులా ఒకే తీరుగా వస్తుంది. ఉదయం లేవగానే కీళ్లు బిగుసుకొనిపోయి, గంట లేక అంతకన్నా ఎక్కువ సేపు సడలవు. దానితోపాటు నీరసం, అలసట ఉంటాయి. ఇది పురుషులకన్నా స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలామందికి 30 నుండి 60 ఏండ్ల మధ్యలో మొదలవుతుంది. అనగా చిన్నపిల్లల తల్లులకు, వారిని సాకే నాయనమ్మ అమ్మమ్మలకు వచ్చే వ్యాధి ఇది. అందుచేతనే పిల్లల ప్రశ్న ఈ వ్యాధి వెంటే నడిచి వస్తుంది.

ఇక పిల్లలకు చెప్పే తీరు. దీనిని మాకు నేర్పినది మహబూబాబాద్ వైపు ఒక పల్లెలోని అయిదేండ్ల బాబు. తల్లిదండ్రులు హైదరాబాదులో పనికి పోయి, బాబును నాయనమ్మ దగ్గర ఉంచారు. ఆమెకు ఇదే వ్యాధి. బాబు "ఎత్తుకో" అని చేతులు చాపినప్పుడల్లా ఆమె, "నువ్వు సతాయించుడు పట్టే నా చేతులు గిట్లయినయి, పో" అనేది. అది విసుగులో వచ్చిన మాట, కొంత పరాచికం కూడా. కాని బాబు నవ్వలేదు. క్రమంగా ఆమె దగ్గరకు పోవడమే మానుకున్నాడు. అన్నం కూడా ఒక మూలకు కూర్చుండి తింటున్నాడు.

అది మిరప కోతల కాలము. ఆ ప్రాంతంలో కల్లాల నిండా ఎర్రని మిరపకాయలు ఎండబోసి ఉంటాయి, రాత్రి ఒక ముసలి తాత కర్ర పట్టుకొని కావలి ఉంటాడు. మేము బాబును ఒడిలో కూర్చుండబెట్టుకొని అడిగాము: "తాత కట్టె ఎందుకు పట్టుకుంటడు?" "దొంగలను కొట్టనీకె" అన్నాడు. "మరి చీకట్ల మీ నాయన వచ్చిండనుకో, తాత గుర్తుపట్టకపోతే?" బాబు కాసేపు ఆలోచించి, "కొడ్తడు" అన్నాడు. "అప్పుడు తప్పు మీ నాయనదా?" "కాదు." "తాత చెడ్డోడా?" "కాదు. కనబడలే."

"మన ఒంట్ల కూడ గట్లాంటి కావలోళ్లు ఉంటరు బాబూ. జలుబు, జ్వరం తెచ్చే పురుగులను తరిమికొడ్తరు. నాయనమ్మ ఒంట్లోని కావలోళ్లు పొరపాటు పడి ఆమె వేళ్లనే కొడుతున్నరు. అందుకే వేళ్లు వాచినయి. నువ్వు సతాయించినందుకు కాదు. నువ్వు పుట్టకపోయినా గట్లనే అయ్యేది" అని చెప్పాము. అప్పుడు వాడు, "మరి తాతకు బ్యాటరీ లైటు కొనిస్తే?" అని అడిగాడు. నాయనమ్మ కండ్లల్లో నీళ్లు తిరిగాయి. "నేను వేసుకునే గోలీలు తాత చేతుల కట్టెను నెమ్మది చేస్తయిరా" అని ఆమెయే చెప్పింది. ఆ సాయంత్రము ఆమె గోడకు ఆనుకొని కూర్చుండగా బాబు తానే వెళ్లి ఆమె ఒడిలో ఎక్కాడు. ఎత్తుకోలేని చేతులకు ఒడి ఉన్నదని ఆ ఇద్దరూ కనుగొన్నారు.

పిల్లలు పైకి అడగని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాటిని వారు అడిగేంతవరకు ఆగక మనమే జవాబు చెప్పాలి.

మొదటిది, "నా వల్ల వచ్చిందా?" రాలేదు. అల్లరి వలన గాని, అమ్మ చేయి పట్టి గుంజినందువలన గాని, కోపంలో అన్న మాట వలన గాని ఈ వ్యాధి రాదు. దీనిని ఒకసారి చెబితే చాలదు. నొప్పి ఎక్కువైన ప్రతిసారీ చెప్పాలి.

రెండవది, "నాకు అంటుకుంటుందా?" అంటుకోదు. అమ్మ పక్కన పడుకోవచ్చు, ఒకే కంచంలో తినవచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు. నిజానికి జాగ్రత్త అవతలి వైపు అవసరము. ఆమె వాడే మందులు రోగనిరోధక శక్తిని కొంత తగ్గిస్తాయి గనుక, పిల్లలు బడినుండి రాగానే చేతులు కడుగుకొనుట ఆమెకు మేలు.

మూడవది, "పెద్దయితే నాకూ వస్తుందా?" రక్తసంబంధులలో కొద్దిగా ఎక్కువగా కనబడుతుంది. అయినా ఈ వ్యాధి ఉన్నవారి పిల్లలలో అత్యధికులకు రాదు. పిల్లలకు ఈ మాట చాలు.

నాలుగవది గుండెలో లోతుగా ఉండేది, "అమ్మ చనిపోతుందా?" ఇది ఉన్నట్టుండి ప్రాణము తీసే వ్యాధి కాదు, చాలాకాలం మందులు వాడవలసిన వ్యాధి అని చెప్పండి. త్వరగా గుర్తించి సరిగా మందులు వాడితే చాలామంది పనులు చేసుకొంటూ బ్రతుకుతున్నారని చెప్పండి. అయితే "రేపే తగ్గిపోతుంది" అని మాత్రం అనవద్దు. అది మేము చేసిన పొరపాటే.

అయిదవది విశ్వాసుల ఇండ్లలో తప్పక పుట్టే ప్రశ్న. "ప్రార్థించినా దేవుడెందుకు బాగుచేయలేదు?" యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు, పాపము ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా అని అడిగారు. ప్రభువు ఆ రెండు జవాబులనూ త్రోసివేశాడు. లూకా సువార్త 13వ అధ్యాయములో పదునెనిమిది సంవత్సరాలు నడుము వంగిపోయిన స్త్రీని చూచినప్పుడు, నీవు ఏమి పాపము చేసితివని ఆయన అడుగలేదు. అందరి ఎదుట ఆమెను అబ్రాహాము కుమార్తె అని గౌరవించాడు. పౌలు తన శరీరములోని ముల్లు కొరకు మూడుమారులు వేడుకొన్నాడు. ముల్లు తీసివేయబడలేదు, దానిని భరించే కృప ఇయ్యబడింది. పౌలు చాక్‌పీసులు దొంగిలించినందుకా? కాదు కదా! దేవుని స్వస్థతాశక్తిని మేము తక్కువ చేయడం లేదు. స్వస్థత కొరకు ఇప్పటికీ ప్రార్థిస్తున్నాము. అయితే తేదీ పెట్టే అధికారము మనది కాదు, ఆ తేదీ భారమును పిల్లల భుజములపై వేసే హక్కు అంతకన్నా మనకు లేదు.

కొన్ని ఇండ్లలో ఈ వ్యాధి పిల్లలకే వస్తుంది. భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుని కుటుంబములోని తొమ్మిదేండ్ల బాబు ప్రొద్దున మంచము దిగి కుంటేవాడు. మధ్యాహ్నమునకు బడిలో ఆటకు లేచేవాడు. "పొద్దుగాల బడి ఎగ్గొట్టనీకె నటిస్తుండు" అని అందరూ అన్నారు. ఇంటివారు కూడా అన్నారు. మోకాలు వాచి రెండు నెలలు తగ్గకపోతే అప్పుడు వరంగల్లుకు, అక్కడినుండి హైదరాబాదుకు తీసుకొని వెళ్లారు. పదహారేండ్లలోపు వారిలో కారణము తెలియకుండా కీలు వాపు ఆరు వారాలకు మించి ఉంటే దానిని జువైనల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారని, అది ఒకటి కాదు, కొన్ని రకాలని వైద్యులు వివరించారు. కొందరు పిల్లలలో నొప్పి గాని ఎరుపు గాని లేకుండానే కంటి లోపల వాపు వచ్చి చూపు దెబ్బతింటుంది గనుక క్రమంగా కంటి పరీక్ష చేయించమన్నారు. తల్లిదండ్రులారా, ఈ ఒక్క మాట మరువకండి. ఉదయము కుంటి మధ్యాహ్నము పరుగెత్తే పిల్లవానిని నటన అని కొట్టకముందు, మోకాలు తడిమి చూడండి.

ఆ బాబు మమ్మును, "ముసలోళ్ల రోగం నాకెందుకొచ్చింది అయ్యగారూ?" అని అడిగాడు. ఇది ముసలివారి రోగము కాదని, చిన్నపిల్లలకూ వస్తుందని చెప్పాము. పొద్దుటి బిగుతును తోటి పిల్లలకు ఎలా చెప్పాలని అడిగితే, చలికాలములో కొబ్బరినూనె సీసాను చూపించమన్నాము. పొద్దున అది గడ్డకట్టి ఉంటుంది. ఎంత బోర్లించినా రాదు. కాసేపు ఎండలో పెడితే తానే జారుతుంది. ప్రొద్దున గడ్డకట్టినది అబద్ధము కాదు, మధ్యాహ్నము కరిగినదీ అబద్ధము కాదు. బాబు నిజంగానే సీసా పట్టుకొని సండే స్కూలుకు వచ్చాడు. ఆ దినమునుండి అతనిని ఎవరూ నటుడు అనలేదు. చాపమీద మడిచి కూర్చుండలేడు గనుక తోటివారే కుర్చీ తెచ్చి వేశారు, తాము కూడా దాని చుట్టూ కూర్చున్నారు. పక్షవాయువు గలవానిని మోసుకొచ్చిన నలుగురిని గురించి మేము ఎన్నో ప్రసంగాలు చేశాము. ఆ దినము పిల్లలు మాకు ప్రసంగించారు.

మందుల సంగతి చెప్పకుండా ముగించలేము. ఈ వ్యాధికి సాధారణంగా మొదట ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. దానితోపాటు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. ఈ రెండింటి వెనుక ఒక తెలుగువాని ప్రయాస ఉన్నదని మీకు తెలుసా? 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు తరువాత అమెరికా వెళ్లారు. ఆయన సోదరులు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో మరణించారు. లెడర్లే సంస్థలో ఆయన నాయకత్వము క్రింద పనిచేసిన పరిశోధకులు ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేశారు. దానికి ఎదురుగా పనిచేసే మెథోట్రెక్సేట్ కూడా ఆ కృషినుండే వచ్చింది. మొదట దానిని క్యాన్సరుకు వాడారు. 1948లో ఆయన మరణించిన నలుబది సంవత్సరాలకు, 1988లో, అమెరికా ప్రభుత్వ సంస్థ దానిని కీళ్లవాతమునకు కూడా ఆమోదించింది. ఒక మనిషి నాటినది ఆయన ఎన్నడూ చూడని జనగామ తల్లి వేళ్లకు నేడు ఉపశమనమిస్తున్నది. వైద్యుని చేయి కూడా దేవుడు మనకు చూపిన దయయే. ప్రార్థన చేసితిమి గనుక గోలీలు మానుమని ఏ సేవకుడైనా చెబితే, ఆ మాట వినవద్దని సేవకులమైన మేమే చెబుతున్నాము.

కొన్ని హెచ్చరికలు. కీళ్లవాతమునకు మెథోట్రెక్సేట్ గోలీ వారానికి ఒక్క దినమే. పొరపాటున ప్రతిదినము వేసుకొంటే ప్రాణాపాయము. చిన్నపిల్లలున్న ఇంట్లో దానిని తాళము వేసి ఉంచాలి. వైద్యుడు చెప్పిన ప్రకారము రక్తపరీక్షలు చేయించుకోవాలి. గర్భిణీలు దానిని వాడరాదు. బిడ్డ కావాలనుకొనేవారు ముందే వైద్యునితో మాట్లాడాలి. వెంటనే తగ్గిస్తామని చెప్పి ఇచ్చే స్టెరాయిడ్ సూదులు, పేరులేని పొడులు ఎవరి మాటమీదనో వాడవద్దు. వైద్యులు ఇచ్చిన స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి మానవద్దు. వాతలు పెట్టించడం, కీళ్లమీద జీడి వేయించడం వలన పుండ్లు తప్ప మేలు లేదు. మొదటి నెలలలోనే చికిత్స మొదలుపెడితే వేళ్లు వంకరపోకుండా కాపాడుకోవచ్చు. 2016లో కొత్త జిల్లాలయిన మన మూడు ఊళ్లలోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ చూపించి, వారు పంపితే వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి గాని, కీళ్లవాత వ్యాధులకు ప్రత్యేక విభాగమున్న హైదరాబాదు నిమ్స్‌కు గాని వెళ్లవచ్చు.

ఇక జనగామ పాప దగ్గరకు తిరిగి వెళదాము. ఆ ఆదివారము సాయంత్రమే మేమును మా శ్రీమతియు వారి ఇంటికి వెళ్లాము. తల్లిదండ్రుల ఎదుట పాపతో, "క్రిస్మస్ అని గడువు పెట్టింది దేవుడు కాదు తల్లీ, నేను. నాది తప్పు. నన్ను క్షమించు" అన్నాము. చాక్‌పీసులు టీచరుకు తిరిగి ఇయ్యమన్నాము, అది వేరే సంగతి అని చెప్పాము. తరువాత కావలివాళ్ల కథ, కొబ్బరినూనె కథ చెప్పాము. మా శ్రీమతి ఆమె చిన్న వేళ్లకు పాత గుడ్డ పీలికలు చుట్టి, "ఇప్పుడు నీ గౌను గుండీ పెట్టు" అన్నది. పాప మూడుసార్లు ప్రయత్నించి, గుండీ వదలి, తల్లి ముఖములోకి చూచింది. "మమ్మీ, రోజూ గిట్లనే ఉంటదా?" అన్నది. అంతవరకు ఆ తల్లి తన నొప్పిని బిడ్డకు చెప్పలేదు. చెబితే భయపడుతుందనుకొన్నది. చెప్పనందువలననే బిడ్డ ఒంటరిగా భయపడిందని ఆ దినము గ్రహించింది.

అప్పుడు పాపయే ఒక మాట అన్నది. పొద్దున నూనె గడ్డకడితే, జడ సాయంత్రమే వేసుకోవచ్చు కదా అని. మరుసటి ఆదివారము ఆమె రెండు జడలతో వచ్చింది. రాత్రంతా వాటిపై పడుకొన్నందువలన అవి కొంత చెదిరి ఉన్నాయి, ఒక రిబ్బను జారి ఉన్నది. అమ్మ చేతులు పూర్తిగా బాగుకాలేదు. మందులు వాడుతున్నారు, కొంత తగ్గింది, కొన్ని దినములు మరల పెరుగుతుంది. గోలీ వేసే దినము క్యాలెండరుమీద ఎర్ర గుర్తు పెట్టడం పాప పని. గోలీ తీయడం నాన్న పని.

ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో 1 కొరింథీయులకు 12వ అధ్యాయము చదవండి. శరీరములో ఒక అవయవము బాధపడితే తక్కినవన్నీ దానితో బాధపడతాయని పౌలు వ్రాశాడు. మీ ఇంట్లో వ్యాధి ఉంటే పిల్లలను పిలిచి, దాని పేరు చెప్పి, "నీ వల్ల కాదు" అని చెప్పి, వారి చేతికి ఒక చిన్న పని ఇయ్యండి. తరువాత ఇలా ప్రార్థించండి: ప్రభువా, మా అమ్మ చేతులను నీవు చూస్తున్నావు. నీకు ఇష్టమైన దినమున బాగుచేయుము. అంతవరకు మేము ఆమెకు చేతులమై ఉండునట్లు మాకు సహాయము చేయుము. ఆమేన్.

ప్రభువునందు మీ సహోదరుడు.